డాక్యుమెంటేషన్ తిరగరాసే ముందు సపోర్టు టికెట్లు చదవండి

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుందాం, తర్వాత చదివేవాళ్లకూ అర్థమవుతుంది. మీ సంస్థ వ్యాపారులకు చెల్లింపుల ఏపీఐ, అంటే వాళ్ల ప్రోగ్రాములు మీ సేవను వాడుకునే మార్గం, అందిస్తోంది. డాక్యుమెంటేషన్ 200 పేజీలు దాటింది, అయినా సపోర్టు బృందానికి రోజూ అవే ప్రశ్నలు వస్తున్నాయి. అంతా కొత్త టూల్‌లోకి మార్చి మొదటి నుంచి తిరగరాద్దామని ఇంజినీర్లు అంటున్నారు. చాట్‌బాట్ పెడితే చాలని మీ మేనేజర్ అంటున్నారు. ఏది ముందు చేయాలి, తెలుగులో కూడా రాయాలా, టెక్నికల్ రైటర్‌ను తీసుకోవాలా అని అడిగారు.

డెవలపర్లకు సపోర్టు ఇవ్వడం, వాళ్ల కోసం డాక్యుమెంటేషన్ రాయడం, ఈ రెండూ చాలా ఏళ్లుగా నా వృత్తి. అందులో ఎక్కువ కాలం మీలాంటి చెల్లింపుల సంస్థల్లోనే గడిచింది. అందుకే మొహమాటం లేకుండా చెబుతున్నాను: మీవాళ్లు చెబుతున్న రెండింట్లో ఏదీ ఇప్పుడు వద్దు. గత మూడు నెలల సపోర్టు టికెట్లు, అంటే సాయం కోసం వచ్చిన అభ్యర్థనలు, ముందేసుకుని, మీరూ ఒక ఇంజినీరూ కలిసి చదవండి. ఒకే ప్రశ్న పదే పదే వస్తోందంటే ఎక్కడో లోపం ఉన్నట్టే. కానీ ఆ లోపం చాలాసార్లు పేజీలో ఉండదు. ఏపీఐ తీరులో ఉంటుంది, లేదా ఎర్రర్ సందేశంలో ఉంటుంది. అక్కడ ఉన్న లోపానికి ఇక్కడ పేజీ తిరగరాస్తే రోగమొకటి, మందొకటి.

చదవడం అంటే టికెట్ టూల్‌లోని గ్రాఫులు చూడటం కాదు. ‘ఇంటిగ్రేషన్’, ‘టెక్నికల్’, ‘ఇతరాలు’ అని అందులో కనిపించే వర్గాలు టికెట్ మూసే తొందరలో ఎవరో నొక్కినవి, వాటిని పట్టించుకోకండి. ఒక్కో టికెట్ తెరిచి, అడిగిన వ్యక్తి వాడిన మాటలు వాడినట్టే ఒక షీట్‌లో ఎక్కించండి. మీ ఉత్పత్తిలో దాన్ని ‘సెటిల్‌మెంట్’ అంటారు, అడిగినవాళ్లు ‘డబ్బు ఇంకా బ్యాంకులో పడలేదు’ అంటారు. వెతికేటప్పుడు కూడా వాళ్లు ఆ మాటలతోనే వెతుకుతారు. ఆ పక్కన, అడిగే ముందు వాళ్లు ఏం చేసి చూశారు, ఏ పేజీ చదివారు, చివరికి ఏ వాక్యంతో సమస్య తీరింది అన్నది రాయండి. ఆఖరి గడిలో ఒకే ప్రశ్న వేసుకోండి: ఈ టికెట్ అసలు పుట్టకుండా ఉండాలంటే దేన్ని మార్చాలి? ఏపీఐనా, ఎర్రర్ సందేశాన్నా, పేజీనా? లేక ఇది మనిషే చూడాల్సిన విషయమా? నేను చెప్పిన ఈ వరుసే మీ పనికి ప్రాధాన్య క్రమం. ఏపీఐలో మార్చగలిగింది అక్కడే మార్చాలి. అది కుదరకపోతేనే తర్వాతి దానికి రావాలి.

మీ రంగంలోనిదే ఒక ఉదాహరణ చూద్దాం. వ్యాపారి 500 రూపాయలు వసూలు చేయాలి. డెవలపర్ మొత్తం దగ్గర 500 అని పంపుతారు. కొనుగోలుదారు ఖాతా నుంచి 5 రూపాయలే పోతాయి. రేజర్‌పే, స్ట్రైప్ వంటి చెల్లింపుల సంస్థల ఏపీఐలు మొత్తాన్ని కరెన్సీలోని అతి చిన్న ప్రమాణంలో, అంటే మన దగ్గర పైసల్లో, తీసుకుంటాయి. 500 రూపాయలకు 50000 అని పంపాలి. దీనికి సరైన కారణమే ఉంది. దశాంశాలను ఫ్లోటింగ్ పాయింట్‌లో (కంప్యూటర్ వాటిని ఉజ్జాయింపుగా దాచే పద్ధతి) పెడితే లెక్క తప్పుతుంది. చాలా ప్రోగ్రామింగ్ భాషల్లో 0.1కి 0.2 కలిపితే కచ్చితంగా 0.3 రాదు. డబ్బు దగ్గర ఆ తేడా పనికిరాదు. జపాన్ యెన్‌కు పైసల్లాంటి ఉపభాగం వాడుకలో లేదు కాబట్టి అక్కడ 500 అంటే 500 యెన్‌లే. ఇదంతా మీ పేజీలోనూ ఉండే ఉంటుంది. అయినా టికెట్లు వస్తున్నాయి, ఎందుకు?

ఎందుకంటే ఉదాహరణలో మీరు ‘100’ అని రాసి ఉంటారు. గుండ్రటి సంఖ్యను చూసి అది రూపాయలో పైసలో ఎవరూ చెప్పలేరు, చూసినవాళ్లు రూపాయలే అనుకుంటారు. పేజీ పైభాగంలో ఎర్ర పెట్టెలో హెచ్చరిక పెట్టినా లాభం ఉండదు. అప్పటికే వాళ్ల కన్ను కోడ్ దగ్గరికి వెళ్లిపోయింది. ఆ 100 తీసేసి 49950 అని పెట్టండి, పక్కన కామెంట్‌లో ‘రూ. 499.50’ అని రాయండి. కాపీ చేసుకున్నవాళ్లతో పాటు ఆ కామెంట్ కూడా వెళ్తుంది. టెస్ట్ ఖాతాలో వచ్చే జవాబులో మొత్తాన్ని ‘రూ. 5.00’ అని మనిషి చదివే రూపంలో కూడా ఇవ్వండి. తప్పు మొదటి ప్రయత్నంలోనే, అసలు డబ్బు కదలకముందే, కంటపడుతుంది. ఏపీఐ తర్వాతి వెర్షన్ తెచ్చే అవకాశం ఉంటే ఆ ఫీల్డు పేరులోనే పైసలు అన్న మాట చేర్చండి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? ఇందులో కొత్త పేజీ ఒక్కటి కూడా లేదని గమనించారా?

రెండో ఉదాహరణ ఇంకాస్త లోతైనది. చెల్లింపు పూర్తయ్యాక మీ సర్వర్ వ్యాపారి సర్వర్‌కు వెబ్‌హుక్, అంటే ఆ సంగతి తెలిపే ఆటోమేటిక్ సందేశం, పంపుతుంది. అది నిజంగా మీ నుంచే వచ్చిందని తేల్చుకోవడానికి సందేశంతో పాటు ఒక సిగ్నేచర్ వస్తుంది. సందేశంలోని బైట్లను, రహస్య కీని తీసుకుని హెచ్‌మ్యాక్ పద్ధతిలో లెక్కగట్టింది అది. ‘రిక్వెస్ట్ బాడీతో హెచ్‌మ్యాక్ లెక్కగట్టి పోల్చండి’ అని మీ పేజీలో ఉంటుంది. అందులో అబద్ధమేమీ లేదు, కానీ దాంతో ఎవరి పనీ జరగదు. ఎక్స్‌ప్రెస్ లాంటి వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లో (సర్వర్ ప్రోగ్రాంకు రెడీమేడ్ చట్రం) జేసన్ పార్సర్‌ను, అంటే వచ్చిన టెక్స్ట్‌ను విడగొట్టే భాగాన్ని, ముందే తగిలించి ఉంటారు. అది బాడీని ఆబ్జెక్ట్‌గా మార్చేసి ఇస్తుంది. డెవలపర్ దాన్ని మళ్లీ టెక్స్ట్‌గా మార్చి హెచ్‌మ్యాక్ లెక్కగడతారు. ఈ మార్పిడిలో ఎక్కడో ఒక ఖాళీ పోతుంది, లేదా సంఖ్య రాసిన తీరు మారుతుంది, లేదా తెలుగు అక్షరాలున్న పేరు వేరే ఎన్‌కోడింగ్ రూపంలోకి వెళ్తుంది. ఒక్క బైటు మారినా సిగ్నేచర్ మొత్తం మారిపోతుంది.

పాపం ఆ డెవలపర్‌కు కనిపించేది ‘సిగ్నేచర్ సరిపోలలేదు’ అన్న ముక్క ఒక్కటే. రహస్య కీ తప్పేమోనని కొత్తది తీసుకుంటారు, సర్వర్ గడియారం చూస్తారు, రాత్రంతా కూర్చుంటారు, చివరికి మీకు టికెట్ పెడతారు. కొందరైతే విసిగిపోయి సిగ్నేచర్ తనిఖీనే తీసేస్తారు. అది మీకు తెలియను కూడా తెలియదు, టికెట్ రాదు కాబట్టి. తనిఖీ లేని ఆ సర్వర్‌కు ఎవరు నకిలీ వెబ్‌హుక్ పంపినా, డబ్బు రాకుండానే సరుకు బయటికి వెళ్తుంది. నా అనుభవంలో డాక్యుమెంటేషన్ లోపాల్లో అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇలాంటిదే.

దీనికి మందు రెండు చోట్ల ఉంది. ఒకటి పేజీలో: ఎక్స్‌ప్రెస్‌కు, జాంగోకు, లారావెల్‌కు, స్ప్రింగ్ బూట్‌కు విడివిడిగా, ముడి బైట్లు ఎలా పట్టుకోవాలో చూపించే పూర్తి ఉదాహరణ. తునక కాదు, నడిచే ప్రోగ్రాం. రెండోది, అంతకంటే ముఖ్యమైనది, మీరు డెవలపర్లకు ఇచ్చే రెడీమేడ్ కోడ్‌లో, అంటే మీ లైబ్రరీలో: తనిఖీ ఫంక్షన్‌కు ముడి టెక్స్ట్ బదులు పార్స్ చేసిన ఆబ్జెక్ట్ అందితే, ఆ సంగతి అక్కడే పట్టుకుని ‘మీరు పార్స్ చేసిన ఆబ్జెక్ట్ ఇచ్చారు, ముడి బాడీ ఇవ్వాలి’ అని చెప్పడం. స్ట్రైప్ నోడ్ లైబ్రరీ ఈ పని చేస్తుంది. సహాయం అవసరమైన క్షణంలో, అవసరమైన చోట, వాళ్లు చూస్తున్న తెరమీదే దొరుకుతోంది. ఏ పేజీ ఎంత బాగా రాసినా ఇంత దగ్గరికి రాలేదు.

అందుకే ఎర్రర్ సందేశాల దగ్గర నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను. చాలా సంస్థల్లో వాటిని ఎవరూ ‘రాయరు’. అర్ధరాత్రి కోడ్ ముగిస్తున్న ఇంజినీరు చేతికొచ్చిన రెండు ముక్కలు పెట్టేస్తారు. అవే మీ డాక్యుమెంటేషన్‌లో అన్నిటికంటే ఎక్కువమంది చదివే భాగం. రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష కంపైలర్‌ను (కోడ్‌ను యంత్రం నడిపే రూపంలోకి మార్చే ప్రోగ్రాం) చూడండి. చాలా ఎర్రర్లకు ఒక సంఖ్య ఉంటుంది. ప్రోగ్రాంలో ఒకసారి వేరే చోటికి అప్పగించేసిన విలువను మళ్లీ వాడితే ఈ0382 అని వస్తుంది, తప్పు జరిగిన వరుసను చూపిస్తుంది, చాలాసార్లు ఎలా సరిదిద్దుకోవచ్చో కూడా సూచిస్తుంది. ఆ సంఖ్యతో కంపైలర్‌నే అడిగితే ఉదాహరణతో వివరణ ఇస్తుంది, ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. 2016లో రస్ట్ బృందం ఈ సందేశాల రూపం మార్చినప్పుడు ఎల్మ్ భాష నుంచి ప్రేరణ తీసుకుంది. భాష కష్టమైనదని పేరు పడినా జనం దాన్ని నేర్చుకోగలుగుతున్నారంటే అందులో కంపైలర్ వాటా చిన్నది కాదు.

మీది కంపైలర్ కాదు, హెచ్‌టీటీపీ ఏపీఐ. దానికీ ఒక ప్రమాణం ఉంది. ఇంటర్నెట్ ప్రమాణాల పత్రాల వరుసలో ఆర్‌ఎఫ్‌సీ 7807 పేరుతో 2016లో వచ్చింది, 2023లో దాని స్థానంలో ఆర్‌ఎఫ్‌సీ 9457 వచ్చింది. ఎర్రర్ జవాబులో సమస్య రకం, క్లుప్తమైన శీర్షిక, ఈ సందర్భానికి చెందిన వివరం, ఇలా ఏమేం ఉండాలో అది చెబుతుంది. అందులో నాకు బాగా నచ్చేది, సమస్య రకాన్ని ఒక వెబ్ చిరునామాగా ఇచ్చి, అది తెరిస్తే వివరణ కనిపించేలా చేయమనడం. స్ట్రైప్ ఎర్రర్లలోనూ సంబంధిత పేజీ లింకు కోసం ఒక ఫీల్డు ఉంది. మీరు ఈ ఒక్క పని చేస్తే, ఏ ఎర్రర్ పేజీని రోజుకు ఎంతమంది తెరుస్తున్నారో లెక్క దొరుకుతుంది. ఆ లెక్కే తర్వాత ఏం బాగుచేయాలో చెప్పేస్తుంది.

ఇక్కడ మీ భద్రతా బృందం అడ్డు చెప్పవచ్చు. ‘ఎర్రర్‌లో ఎక్కువ చెబితే దొంగలకు దారి చూపినట్టు’ అంటారు. లాగిన్ పేజీలో ఆ వాదన సరైనదే, ఫలానా ఈమెయిల్‌తో ఖాతా ఉందో లేదో అక్కడ బయటపెట్టకూడదు. కానీ టెస్ట్ కీతో (ప్రయోగ ఖాతా పాస్‌వర్డ్ లాంటిది) లైవ్, అంటే అసలు డబ్బు కదిలే, లావాదేవీని అడిగిన డెవలపర్‌కు ‘అనుమతి లేదు’ అని మాత్రమే చెప్పడం వేరు. ఆ కీ మొదటి అక్షరాల్లోనే అది టెస్ట్‌దో లైవ్‌దో రాసి ఉంటుంది. ‘ఇది టెస్ట్ కీ, ఈ ఆర్డరు లైవ్‌లో సృష్టించినది’ అని చెబితే బయటపడే రహస్యం ఏమీ లేదు. ఒక్కో ఎర్రర్‌నూ వాళ్లతో కూర్చుని మాట్లాడండి. అన్నింటికీ కలిపి ఒకే నియమం ఒప్పుకోవద్దు.

ఇప్పుడు పేజీల సంగతికి వద్దాం. 1980లలో ఐబీఎం వాట్సన్ పరిశోధన కేంద్రంలో జాన్ కారల్, ఆయన సహచరులు కంప్యూటర్ మీద టైపింగ్ పని కొత్తగా నేర్చుకునేవాళ్లను గమనించారు. జనం మాన్యువల్ చదివి తర్వాత పని మొదలుపెట్టరు. ముందు పనిలోకి దూకుతారు, ఇరుక్కున్నప్పుడు మాత్రమే మాన్యువల్ తిరగేస్తారు. దాన్నిబట్టి వాళ్లు చాలా చిన్న మాన్యువల్ తయారుచేశారు. నిజమైన పనితో మొదలవుతుంది, ఉపోద్ఘాతాలు ఉండవు, తప్పు జరిగితే ఎలా బయటపడాలో అక్కడికక్కడే ఉంటుంది. దానితో నేర్చుకున్నవాళ్లే మెరుగ్గా నేర్చుకున్నారు. నలభై ఏళ్లయినా, మన మొదటి పేజీ ఇంకా ‘మా వేదికకు స్వాగతం, మేము ఫలానా సంవత్సరంలో’ అని మొదలవుతోంది. తీసేయండి. మొదటి పేజీలో ఖాతా తెరవడం నుంచి ఒక టెస్ట్ చెల్లింపు విజయవంతం కావడం వరకు ఒకే దారి, ఒకే ప్రోగ్రామింగ్ భాష, పక్కదారులు లేకుండా ఉండాలి. లాగిన్ అయి ఉన్నవాళ్లకు వాళ్ల సొంత టెస్ట్ కీ ఉదాహరణలోనే కనిపించేలా స్ట్రైప్ చేసింది, ఆ సౌకర్యం మీరూ పెట్టుకోవచ్చు.

అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ జిరాక్స్ షాపుల్లో దొరికే కోచింగ్ నోట్సును చూసి మన పరిశ్రమ పెద్దలు నవ్వుతారు. నేను నవ్వను. అసలు డాక్యుమెంటేషన్ ఉచితంగా ఉండగా డబ్బిచ్చి ఆ కాగితాలు కొంటున్నారంటే, వాటిలో మనం ఇవ్వనిది ఏదో ఉంది. మొదట ఇది నొక్కు, తర్వాత ఇది రాయి, ఇలా కనిపిస్తే సరిగ్గా చేసినట్టు, అనే వరుస అది. ప్రతి అడుగు తర్వాత ‘మీకు ఇప్పుడు ఇది కనిపించాలి’ అన్న వాక్యం మీ పేజీల్లో ఎన్నిచోట్ల ఉందో చూసుకోండి.

మిగతా పేజీలను ఎలా సర్దాలన్నదానికి డానియెలె ప్రోచిదా ప్రతిపాదించిన డయాటాక్సిస్ పద్ధతి మంచిది. నేర్పించే పాఠం, ఫలానా పని ఎలా చేయాలో చెప్పే మార్గదర్శి, వెతికి చూసుకునే రిఫరెన్స్, ఎందుకిలా ఉందో చెప్పే వివరణ, ఈ నాలుగింటినీ కలపకూడదంటుంది. మీ 200 పేజీల్లో చాలావాటి ఇబ్బంది ఇదే అయి ఉంటుంది. రీఫండ్ ఎలా చేయాలో చూడటానికి వచ్చినవాళ్లకు ముందు రీఫండ్ తత్వశాస్త్రం, మధ్యలో ఫీల్డుల పట్టిక, చివర్లో ఎక్కడో కోడ్ తగులుతాయి. అయితే ఈ పద్ధతి పేరు చెప్పి ఆరు నెలలు అన్ని పేజీలూ అటూఇటూ మార్చే ప్రాజెక్టు పెట్టుకోవద్దు. టికెట్లలో తరచూ కనిపించే పేజీని ముట్టుకున్నప్పుడల్లా దాన్ని విడగొట్టండి, ఎవరూ అడగని పేజీని అలాగే వదిలేయండి. పాత లింకులు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చెడగొట్టకండి. ఎవరో ఎప్పుడో రాసిన జవాబుల్లో అవి పడి ఉంటాయి, అక్కడి నుంచి వచ్చినవాళ్లకు ఖాళీ పేజీ కనిపిస్తే మీ మీద నమ్మకం పోతుంది.

ఉదాహరణల్లో కోడ్ పాతబడటం అన్నిచోట్లా ఉన్న జబ్బు. గిట్‌హబ్ 2017లో జరిపిన ఓపెన్ సోర్స్ సర్వేలో అసంపూర్ణమైన లేదా పాతబడిన డాక్యుమెంటేషన్ సమస్యను ఎదుర్కొన్నామని 93 శాతం మంది చెప్పారు. అదే సర్వేలో, కోడ్ అందించేవాళ్లలో 60 శాతం మంది డాక్యుమెంటేషన్‌లో చేయి పెట్టేది అరుదుగానో, అసలు లేదో అన్నారు. హితబోధలతో ఇది మారదు, యంత్రానికి అప్పగిస్తే మారుతుంది. పైథాన్‌లో డాక్‌టెస్ట్ 2001 నుంచే ఉంది. వివరణలో రాసిన ఉదాహరణను నడిపి, అక్కడ రాసిన ఫలితం నిజంగా వస్తోందో లేదో చూస్తుంది. రస్ట్‌లో డాక్యుమెంటేషన్ కామెంట్లలోని కోడ్ మామూలు టెస్టులతో పాటే నడుస్తుంది. గో భాషలోనూ ఉదాహరణ ఫంక్షన్లకు ఆశించిన ఫలితం రాస్తే టెస్టు సమయంలో సరిపోల్చుతుంది. మీరు పేజీల్లోని కోడ్‌ను పేజీల్లో రాయడం మానేసి, విడి ఫైళ్లలో ఉంచి, రోజూ రాత్రి టెస్ట్ ఖాతా మీద నడిపించి, పేజీలోకి అక్కడి నుంచి లాగండి. ఏపీఐ మారి ఉదాహరణ విరిగిన రోజునే ఇంజినీరుకు కబురు వెళ్తుంది. లేకపోతే ఆ కబురు వ్యాపారి టికెట్ రూపంలో వస్తుంది.

దీనికి కొత్త టూల్ అవసరమా అంటే, పేజీలు కోడ్‌తో పాటు ఒకే రిపాజిటరీలో (కోడ్ దాచే చోటు) ఉండి, కోడ్‌కు జరిగే అదే రివ్యూ గుండా వెళ్లగలిగితే ఇప్పుడున్నది ఏదైనా చాలు. ప్రతి పేజీకి బాధ్యుడైన వ్యక్తి పేరు మాత్రం ఉండాలి. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 1971 నవంబర్ 3 తేదీతో వచ్చిన మొదటి యూనిక్స్ (ఒక ఆపరేటింగ్ సిస్టమ్) ప్రోగ్రామర్ల మాన్యువల్‌లోనే ‘ఓనర్’ అనే శీర్షిక కింద ఒక్కో ఆదేశం ఎవరిదో ఉండేది. దాని పక్కనే ‘బగ్స్’ అనే శీర్షిక కింద ఆ ప్రోగ్రాంలో తెలిసిన లోపాలు రాసేవారు. మీ మార్కెటింగ్ విభాగం ఎంత గొడవ చేసినా, ప్రతి ముఖ్యమైన పేజీ చివర ‘తెలిసిన పరిమితులు’ అని ఒక భాగం పెట్టించండి. ‘ఒకే వెబ్‌హుక్ రెండుసార్లు రావచ్చు, వరుస తప్పి రావచ్చు’ అన్న ఒక్క వాక్యం ముందే ఉంటే, ఒకే ఆర్డరుకు సరుకు రెండుసార్లు పంపిన వ్యాపారితో ఫోనులో మాట్లాడాల్సిన అవసరం తప్పుతుంది.

సపోర్టు బృందం గురించి రెండు మాటలు. మొదటి జవాబులో ‘దయచేసి మరిన్ని వివరాలు పంపండి’ అని రాయడం చాలాచోట్ల అలవాటు. అక్కడ ఒక రోజు పోతుంది, అమెరికాలోని క్లయింట్‌కు హైదరాబాద్ నుంచి జవాబిస్తుంటే రెండు రోజులు పోతాయి. ప్రతి ఏపీఐ జవాబులోనూ రిక్వెస్ట్ ఐడీ (ఆ ఒక్క అభ్యర్థనను గుర్తించే కోడ్) ఇవ్వండి, టికెట్ ఫారంలో అది ఒక్కటే తప్పనిసరి చేయండి. దానితో లాగ్ తెరిచి ఏం జరిగిందో మీరే చూసి జవాబివ్వగలుగుతారు. రెండోది, ఇంజినీర్లను వంతుల వారీగా సపోర్టులో కూర్చోబెట్టండి. అదే ప్రశ్నకు అదే రోజున నాలుగోసారి జవాబు రాసిన ఇంజినీరు సాయంత్రానికి ఆ ఎర్రర్ సందేశం మార్చేసి వెళ్తారు. ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇచ్చిన మంచి జవాబులు టికెట్లలోనే సమాధి కాకూడదు. వ్యాపారి వివరాలు తీసేసి బయటికి కనిపించే చోట పెట్టండి. పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాష మాన్యువల్‌లో ప్రతి పేజీ కింద వాడుకరులు రాసే నోట్సు ఎన్నో ఏళ్లుగా నడుస్తున్నాయి, అసలు పేజీలో లేని చిట్కాలు అక్కడ దొరుకుతాయి. కానీ ఆ పద్ధతికి కాపలా ఉండాలి. పాతబడిన సలహా, భద్రత లేని సలహా పేజీ కిందే ఉంటే అధికారికమైనదని అనుకుంటారు. మీ దగ్గర కాపలా కాసే మనిషి లేకపోతే కామెంట్లు తెరవకండి. ‘ఈ పేజీ పనికొచ్చిందా’ అని అడిగే బొటనవేళ్ల బొమ్మ కూడా నా దృష్టిలో దండగే. ‘లేదు’ నొక్కినవాళ్లకు వెంటనే ‘ఏం చేయబోయి ఇరుక్కున్నారు’ అని ఒక ఖాళీ గడి చూపిస్తే అప్పుడు ఉపయోగం.

చాట్‌బాట్ సంగతి. మీ మేనేజర్ ఉద్దేశం తప్పు కాదు, సమయమే తప్పు. అది మీ పేజీలు చదివి జవాబు చెబుతుంది. పైన చెప్పిన వెబ్‌హుక్ పేజీలో ముడి బైట్ల సంగతి లేకపోతే దానికీ తెలియదు, అయినా ఆత్మవిశ్వాసంతో ఏదో ఒకటి చెబుతుంది. 2022 డిసెంబర్‌లో ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైట్ స్టాక్ ఓవర్‌ఫ్లో చాట్‌జీపీటీతో రాసిన జవాబులను నిషేధించింది. చూడటానికి సరైనవిగా ఉండి నిజానికి తప్పయిన జవాబులు ఎక్కువైపోవడం అందుకు కారణం. డబ్బు వ్యవహారంలో అలాంటి జవాబు ఖరీదు ఇంకా ఎక్కువ. టికెట్లలో తరచూ వచ్చే మొదటి ఇరవై ప్రశ్నలకు పేజీలు, ఎర్రర్లు సరిదిద్దాక పెట్టండి. ప్రతి జవాబు కింద ఏ పేజీ నుంచి తీసుకుందో చూపించాలి, పేజీల్లో లేనిది అడిగితే ‘ఇది నా దగ్గర లేదు’ అని మనిషికి అప్పగించాలి. అలా అప్పగించిన ప్రశ్నల జాబితాను వారం వారం మీరు చదవాలి. నిజానికి చాట్‌బాట్ వల్ల మీకు దొరికే అతి పెద్ద లాభం ఆ జాబితానే. టికెట్ పెట్టడానికి మొహమాటపడేవాళ్లు కూడా దాన్ని అడుగుతారు.

తెలుగులో రాయాలా అన్నదానికి నా అభిప్రాయం కాస్త మొండిగా ఉంటుంది. రిఫరెన్స్ పేజీలను అనువదించకండి. ఏపీఐ మారిన ప్రతిసారీ రెండు చోట్ల మార్చాలి, మీరు మార్చరు, పాతబడిన తెలుగు పేజీ, తెలుగు పేజీ అసలు లేకపోవడం కంటే ఎక్కువ నష్టం చేస్తుంది. పైథాన్ డాక్యుమెంటేషన్ అనువాదాలకు 2017లో పీఈపీ 545 అనే పైథాన్ ప్రతిపాదన పత్రంతో ఒక పద్ధతి ఏర్పడింది. జపనీస్, ఫ్రెంచ్, కొరియన్ అనువాదాలు నిలబడ్డాయంటే వెనుక వాటిని కనిపెట్టుకుని ఉండే బృందాలు ఉన్నాయి. మీకు అంత బలగం లేదు. మొదటి టెస్ట్ చెల్లింపు పాఠాన్ని మాత్రం తెలుగులో రాయండి, పది నిమిషాల వీడియో కూడా చేయండి. గుంటూరులోనో కరీంనగర్‌లోనో చిన్న దుకాణానికి వెబ్‌సైట్ కడుతున్న కుర్రవాడికి అది చాలా ధైర్యమిస్తుంది. వెబ్‌హుక్‌ను వెబ్‌హుక్ అనే రాయండి, తెర మీద అతనికి కనిపించేది అదే. ఇంగ్లిష్ పేజీలను కూడా చిన్న వాక్యాల్లో రాస్తే తెలుగు మీడియంలో చదివినవాళ్లకు సగం కష్టం తగ్గుతుంది.

మేనేజర్‌కు లెక్కలు చూపించాల్సి వస్తే పేజీ వీక్షణలు చూపించకండి. జనం తికమకపడిన పేజీకే వీక్షణలు ఎక్కువ ఉంటాయి. కొత్తగా చేరిన వంద మంది వ్యాపారులకు ఎన్ని టికెట్లు వస్తున్నాయి, ఖాతా తెరిచినప్పటి నుంచి మొదటి విజయవంతమైన టెస్ట్ చెల్లింపుకు మధ్యస్థంగా ఎంత సమయం పడుతోంది, మీ సైట్‌లో వెతికి ఏమీ దొరకని మాటలు ఏవి, ఈ మూడూ చాలు. ఖర్చు దండగ అని ఎవరైనా అంటే ఎండీఎన్ కథ చెప్పండి, అది వెబ్ డెవలపర్ల కోసం మొజిల్లా నడిపే డాక్యుమెంటేషన్ సైట్. 2020 ఆగస్టులో మొజిల్లా సుమారు 250 మందిని తొలగించినప్పుడు ఎండీఎన్‌లో రాసేవాళ్లూ పోయారు. కొన్ని నెలలకే, 2021 జనవరిలో, ఆ డాక్యుమెంటేషన్‌ను నిలబెట్టడానికి ఓపెన్ వెబ్ డాక్స్ అనే సంస్థ ఏర్పడింది. దానికి డబ్బు పెట్టినవాళ్లలో గూగుల్, మైక్రోసాఫ్ట్ ఉన్నాయి. వెబ్ మీద బతికే కంపెనీలకు ఆ పేజీల విలువ బాగానే తెలుసు.

ఇక టెక్నికల్ రైటర్ విషయం. తీసుకోండి, కానీ షీట్ తయారయ్యాక. మొదటి రోజున చేతిలో ఆ షీట్ పెట్టగలిగితే వారికి పని ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది. లేకపోతే మొదటి మూడు నెలలు కామాలు దిద్దడంతో గడిచిపోతాయి. ఇంటర్వ్యూలో వ్యాకరణం పరీక్ష పెట్టకండి. ఒక టెస్ట్ ఖాతా, మీ ఇప్పటి డాక్యుమెంటేషన్ ఇచ్చి, రెండు గంటల్లో ఒక చెల్లింపు, ఒక రీఫండ్ పూర్తిచేయమనండి. ఎక్కడెక్కడ ఇరుక్కున్నారో, అక్కడ ఏం ఊహించుకుని ముందుకు వెళ్లారో రాసివ్వమనండి. ఆ కాగితంలో పేజీల మీద విమర్శలే కాక, ‘ఈ ఎర్రర్ ఇలా ఉండకూడదు’ అని మీ ఏపీఐ మీద కూడా ఒకటి రెండు ఫిర్యాదులు రాసినవాళ్లను తీసుకోండి. చివరికి ఎంపిక కానివాళ్లు రాసిచ్చిన కాగితాలను కూడా, వాళ్ల అనుమతి అడిగి, ఆ షీట్‌లో కలుపుకోండి.